దవడ పంటికి తెల్ల సిమెంటు

(జిల్లా దంతవైద్యుల సమావేశంలో ఒక సీనియర్ దంతవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా స్వల్పంగా సరిదిద్దాం.)

అందరికీ నమస్కారం. భోజనం అయ్యాక మాట్లాడమన్నారు. పైగా ఏసీ చల్లగా ఉంది. కునుకు పట్టినవాళ్ళని నేనేమీ అనను. వెనక వరసలో హౌస్ సర్జన్లు కనిపిస్తున్నారు, వాళ్ళకైతే ముందే అనుమతి ఇచ్చేస్తున్నా.

స్లైడ్లు తక్కువే తెచ్చాను. ముందు ఒక్క పన్ను గురించి చెప్తాను. కింద ఎడమవైపు మొదటి దవడ పన్ను, మన లెక్కలో 36. ఆ పంటి ఆసామి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో వచ్చారు. పంటి ముందువైపు పక్క గోడలో పుచ్చు. పక్క పంటికి ఆనే వైపు వచ్చే ఇలాంటి పుచ్చుని క్లాస్ టూ అంటాం. "వెండిది వద్దమ్మా, నవ్వితే నల్లగా కనపడుతుంది. ఆ లైటు పెట్టి చేసే తెల్ల సిమెంటు పెట్టు" అన్నారు. పెట్టాను. అరగంటలో అయిపోయింది. షేడ్ ఎంత బాగా కలిసిందంటే, అద్దం ఆయన చేతికిచ్చి నేనే మురిసిపోయాను.

మూడు నెలలకి మళ్ళీ వచ్చారు. జేబులోంచి ఒక పిన్నీసు తీసి నా టేబుల్ మీద పెట్టారు. "అమ్మా, అన్నం తిన్న ప్రతిసారీ దీంతో పని పడుతోంది. గోంగూర తిన్నా, మామిడిపండు తిన్నా పీచంతా అక్కడే. నువ్వు పన్ను బాగుచేశావా, పీచు దాచుకోవడానికి అర కట్టావా?" అన్నారు. తెలుగు మాస్టారు కదా, తిట్టినా ఇంపుగానే తిడతారు. ఎక్స్‌రే తీశాను. రెండు పళ్ళ మధ్య సన్నటి సందు. చిగురు దగ్గర, బాక్స్ అడుగున, అంటే పక్క గోడలో నేను కోసిన గుంట అడుగున, ఫిల్లింగ్‌కీ పంటికీ మధ్య నల్లటి గీత.

ఆ రోజు కంపెనీని తిట్టుకున్నాను. సిరంజి మార్చాను, ఇంకా ఖరీదైనది కొన్నాను. దానితో చేసినవీ కొన్ని అలాగే వెనక్కి వచ్చాయి. చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది, తేడా నా చేతిలో ఉందని. అది కాలేజీలో అమాల్గం మీద, అంటే మాస్టారు వద్దన్న ఆ పాదరసం కలిసిన వెండి ఫిల్లింగ్ మీద, దిద్దుకున్న చెయ్యి. కాంపోజిట్, అదే మాస్టారి తెల్ల సిమెంటు, చేతికిస్తే తెల్ల రంగు అమాల్గం అనుకుని పెట్టేసింది. ఈ గంటలో నేను చెప్పబోయేదంతా, చెయ్యి ఎక్కడెక్కడ ఆ పాత అలవాటు మానుకోవాలో, అంతే.

అమాల్గం మన తప్పులు చాలా కడుపులో పెట్టుకునేది. కాస్త ఉమ్మి తగిలినా నెట్టుకొచ్చేది. అంచు దగ్గర సన్నటి సందుంటే కొన్నాళ్ళకి తనే తుప్పు పట్టి, ఆ తుప్పుతోనే పూడ్చుకునేది. కండెన్సర్‌తో గట్టిగా అదిమితే, పంటి చుట్టూ బిగించిన రేకు బ్యాండ్‌ని బయటికి నెట్టి పక్క పంటికి ఆనుకునేది, కాంటాక్ట్, అంటే రెండు పళ్ళూ ఆనుకోవడం, దానంతటదే వచ్చేది. కాంపోజిట్ దగ్గర ఈ మూడు సౌకర్యాలూ లేవు. తడి దానికి పడదు. గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. ఎంత అదిమినా ప్లగ్గర్ కింద నుంచి పక్కకి జారుకుంటుందే తప్ప బ్యాండ్‌ని నెట్టదు. మాస్టారి పంట్లో ఈ మూడూ ఒకేసారి జరిగాయి.

అలాగని వెనక్కి వెళ్ళే దారీ లేదు. పాదరసం వాడకం తగ్గించాలన్న మినమాటా ఒప్పందం 2013లో వచ్చింది, మన దేశం 2018లో అందులో చేరింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి వైద్య అవసరం ఉంటే తప్ప అమాల్గం పెట్టకూడదు. మన దగ్గర పేషెంట్లు అంతకుముందే మానేశారు, తెల్లదే అడుగుతున్నారు.

పంటికి రెసిన్, అంటే కాంపోజిట్‌లోని జిగురు పదార్థం, అంటుకుంటుందన్న ఆలోచన ఎక్కడ పుట్టిందో చెప్పకుండా ముందుకి పోలేను. లోహపు రేకులకి పెయింట్ బాగా పట్టడానికి ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ పూసేవాళ్ళు. అమెరికాలో మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన అది చూసి, పంటి మీద ఎందుకు పనిచేయదు అనుకున్నాడు. 1955లో 85 శాతం యాసిడ్‌ని ఎనామిల్ అనే పంటి పైపొర మీద 30 సెకన్లు ఉంచి కడిగితే, అక్రిలిక్ రెసిన్ అంతకుముందు కంటే చాలాకాలం పట్టుకుని ఉందని చూపించాడు. గోడకి సున్నం వేసే ముందు గరుకు చేస్తారే, అదే పని కంటికి కనపడనంత సన్నగా. రాఫెల్ బోవెన్ తయారుచేసిన బిస్-జీఎంఏ అనే రెసిన్‌కి 1962లో పేటెంట్ వచ్చింది. మీ డ్రాయర్‌లో ఉన్న సిరంజిల్లో చాలావాటిలో ఇవాళ్టికీ అదే ఉంటుంది. దానిలో సన్నటి గాజుపొడి కలిపి, రెండూ విడిపోకుండా సైలేన్ పూత పెడతారు. కథ ఇక్కడికి చాలు.

పుచ్చు తీయడం దగ్గర మొదటి పాత అలవాటు. అమాల్గం నిలబడటానికి గాడి కావాలి, లోతు కావాలి, అడుగు సమంగా ఉండాలి. అందుకోసం బాగున్న పన్ను కూడా కోసేవాళ్ళం. కాంపోజిట్ అంటుకుని నిలబడుతుంది కాబట్టి ఆ కోత అక్కర్లేదు. పుచ్చు ఎంతవరకు ఉందో అంతవరకే. అంచుల చుట్టూ మాత్రం గట్టి, శుభ్రమైన ఎనామిల్, దాని కింది పొర డెంటిన్ మిగలాలి, కాంపోజిట్‌ని అంటించే బాండింగ్ పట్టుకునేది అక్కడే. పల్ప్ దగ్గర, అంటే పంటి లోపలి నరం దగ్గర, లోతైన చోట పద్ధతి మారింది. పన్ను బతికే ఉంది, రాత్రిపూట దానంతటదే వచ్చే నొప్పి లేదు అనుకోండి, అడుగున కాస్త మెత్తటి డెంటిన్ వదిలేసి పైన గాలి చొరకుండా మూసేయడమే మేలని 2016 నాటి అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. స్పూన్ ఎక్స్‌కవేటర్‌తో ఒక్కొక్క పొరా తీస్తూ, ఎర్రటి చుక్క కనపడేదాకా గీకడం మా రోజుల్లో శ్రద్ధ అనిపించుకునేది. ఆ శ్రద్ధతో నేను ఎన్ని పళ్ళని రూట్ కెనాల్‌కి పంపానో ఇప్పుడు లెక్క వేసుకోవాలనిపించదు.

ఇంకొక చిన్న విషయం. మన పేషెంట్లు నొప్పి రాగానే ముందు చేసే పని లవంగ నూనెలో దూది ముంచి పంట్లో పెట్టుకోవడం. లవంగ నూనెలో ఉండేది యూజినాల్, అది రెసిన్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు. మనం పెట్టే జింక్ ఆక్సైడ్ యూజినాల్ టెంపరరీలోనూ అదే. కుర్చీలో కూర్చోగానే "ఇంట్లో ఏమైనా పెట్టుకున్నారా?" అని అడగండి. పెట్టుకున్నామంటే నేను ఆ రోజు పుచ్చు తీసి గ్లాస్ అయానమర్ అనే మరో రకం సిమెంటుతో మూసి, కాంపోజిట్‌కి మరో రోజు రమ్మంటాను.

ఇక తడి సంగతి. ఇక్కడ కాసేపు ఆగుతాను. చూడండి, నోట్లో తడి అంటే ఉమ్మి ఒక్కటే కాదు. పేషెంట్ ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆవిరి వస్తుంది. చిగురు నుంచి నీరు ఊరుతుంది. ఒక్కోసారి తడి మన కంప్రెసర్ నుంచే వస్తుంది. రోజూ ఉదయం ట్యాంకులో నీళ్ళు వదలకపోతే గాలీ నీళ్ళూ కొట్టే త్రీ వే సిరంజిలో గాలితోపాటు చెమ్మ కూడా కొడుతుంది. రేపు క్లినిక్‌కి వెళ్ళగానే ఆ గాలిని అద్దం మీద కొట్టి చూడండి. మసక పడితే, మీరు ఆరబెడుతున్నాననుకుంటూ తడుపుతున్నట్టే.

కాటన్ రోల్స్‌తో పైదవడ పళ్ళలో నెట్టుకురావచ్చు. కిందదవడ రెండో మోలార్‌లో, అంటే వెనక నమిలే పంట్లో, నాలుక ఒక పక్క, బుగ్గ ఒక పక్క, మధ్యలో మీరు... నా వల్ల కాదు. పన్ను మాత్రమే బయటికి వచ్చేలా నోటికి అడ్డంగా పరిచే రబ్బరు షీట్, రబ్బర్ డ్యామ్, 1864 నుంచీ ఉంది. అమెరికాలో బార్నమ్ అనే డెంటిస్టు తెచ్చింది. అన్నేళ్ళయినా మనకి ఇంకా కొత్తే. "పేషెంట్లు ఒప్పుకోరు మేడమ్" అంటారు. నేనూ అన్నాను. పేషెంట్‌కి మనం చెప్పే తీరులో ఉంది అదంతా. "నోటికి రబ్బరు కడతాను" అంటే ఎవరైనా భయపడతారు. "నీళ్ళు గొంతులోకి పోకుండా ఒక గొడుగు వేస్తానండీ, ముక్కుతో హాయిగా ఊపిరి తీసుకోండి, ఏమైనా ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తండి" అంటాను. అందరూ కాదు కానీ చాలామంది ఒప్పుకుంటారు. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్ళకి వేయను.

వేసేటప్పుడు ఒక్క పంటికే కన్నం పెట్టకండి. క్లాస్ టూ అయితే వెనక పన్ను నుంచి ముందు రెండు మూడు పళ్ళ దాకా బయటికి రావాలి, లేకపోతే మ్యాట్రిక్స్, అంటే పక్క గోడకి అచ్చుగా పెట్టే రేకు, పెట్టడానికి చోటుండదు. డ్యామ్‌ని పంటికి పట్టి ఉంచే క్లాంప్‌కి ఫ్లాస్ దారం కట్టడం మరవద్దు, అది ఎగిరి గొంతులోకి జారితే లాగడానికి. షీట్ అంచుని పంటి చుట్టూ చిగురు సందులోకి మడవాలి. గాలి కొడుతూ ఫ్లాట్ ఇన్‌స్ట్రుమెంట్‌తో లోపలికి తోస్తే మడత పడుతుంది. మొదటి పదిసార్లు చెమటలు పడతాయి. తర్వాత రెండు మూడు నిమిషాల పని.

ఇప్పుడు మాస్టారి పిన్నీసు దగ్గరికొద్దాం. కాంటాక్ట్.

ఆయన పంటికి నేను వాడింది టాఫిల్‌మైర్. పంటి చుట్టూ తిప్పి బిగించే బ్యాండ్. అమాల్గంకి అది బంగారం. కానీ దాని రేకు చదును. పళ్ళు పక్కపక్కన చదునుగా ఉండవు, రెండు గుమ్మడికాయలు ఆనుకున్నట్టు పొట్ట దగ్గర ఆనుకుంటాయి. చదును రేకు బిగిస్తే ఆనడం పైన అంచు దగ్గరెక్కడో జరుగుతుంది, లేదా అసలు జరగదు. దాని కింద ఖాళీ. పీచు పైనుంచి దిగుతుంది, మళ్ళీ బయటికి రాదు. పైగా బ్యాండ్ పంటి రెండు వైపులా ఉంటుంది కాబట్టి, తీసేశాక రెండు రేకుల మందం మేర సందు మిగులుతుంది. అమాల్గం అయితే అదిమి ఆ సందు పూడ్చేవాళ్ళం.

సెక్షనల్ మ్యాట్రిక్స్ ఆకారం చూడండి. బొటనవేలి గోరులా వంపు తిరిగిన చిన్న రేకు. పుచ్చు ఉన్న వైపే పెడతాం. నేను చేసే వరస చెప్తాను. పన్ను కోసే ఎయిరోటర్ పట్టుకోకముందే, మత్తు ఎక్కగానే, రెండు పళ్ళ మధ్య వెడ్జ్ అనే చిన్న చీల గట్టిగా దించుతాను. నేను పుచ్చు తీస్తున్నంతసేపూ అది పళ్ళని కొంచెం కొంచెంగా విడదీస్తూ ఉంటుంది. పక్క పంటికి కోసే బర్ తగలకుండా అడ్డుగా కూడా ఉంటుంది. నిజం చెప్పాలంటే క్లాస్ టూ చేసేటప్పుడు పక్క పంటిని గీరని డాక్టర్ నాకు ఇంకా తారసపడలేదు, నన్ను కలుపుకునే చెప్తున్నా. బాక్స్ పూర్తయ్యాక వెడ్జ్ తీసి రేకు దించుతాను. దాని కింద అంచు బాక్స్ అడుగుని దాటి అర మిల్లీమీటరైనా కిందకి పోవాలి. పై అంచు పక్క పంటి మార్జినల్ రిడ్జ్, అంటే నమిలే ఉపరితలం అంచున ఉండే గట్టు, ఎత్తుకి, లేదా కాస్త పైకి. మళ్ళీ వెడ్జ్. ఈసారి సైజు చూసుకుని. మరీ ఎత్తైన వెడ్జ్ రేకుని లోపలికి తోసేస్తుంది, పన్ను నడుము దగ్గర సొట్ట పడినట్టు వస్తుంది. అది దించాక సూదిలాంటి ఎక్స్‌ప్లోరర్ కొనతో బాక్స్ అడుగున రేకుకీ పంటికీ మధ్య తడమండి. కొన ఎక్కడైనా దిగబడితే రేపు ఎక్స్‌రేలో నల్ల గీత అక్కడే కనపడుతుంది.

తర్వాత రింగ్. ఇది రెండు కాళ్ళ స్ప్రింగ్, వెడ్జ్ కి అటూ ఇటూ కాళ్ళు పెట్టి పళ్ళని విడదీస్తుంది. ఆ విడదీసిన సందు రేకు మందానికి సరిపోతుంది, రింగ్ తీయగానే పళ్ళు వెనక్కి వచ్చి ఆనుకుంటాయి. ఆఖరున గుండ్రటి బర్నిషర్‌తో రేకుని లోపలి నుంచి పక్క పంటికేసి నెమ్మదిగా రుద్దండి. అద్దంలో చూస్తే రేకు వెనక పక్క పన్ను ఆనుతున్న చోట ఒక మెరుపు చుక్క కనపడుతుంది. ఆ చుక్క కనపడేదాకా నేను బాండింగ్ సీసా మూత తియ్యను.

మాస్టారి పన్ను అలాగే మళ్ళీ చేశాను. ఫ్లాస్ దించితే టక్‌మని చప్పుడైంది, ఆయన కళ్ళు తెరిచి "పలికిందమ్మా" అన్నారు. పిన్నీసు ఆయనకి తిరిగి ఇవ్వలేదు, ఇప్పటికీ నా డ్రాయర్‌లోనే ఉంది.

ఎచింగ్, అంటే యాసిడ్‌తో పంటిని గరుకు చేయడం, ఆపైన బాండింగ్. పద్ధతులు రకరకాలు, కంపెనీకొక పేరు. నేను చేసేది చెప్తాను: 37 శాతం యాసిడ్ జెల్ ఎనామిల్ అంచుల మీద మాత్రమే 20, 30 సెకన్లు, కడిగి, ఆపైన ఎండీపీ అనే రసాయనం ఉన్న యూనివర్సల్ బాండ్. డెంటిన్ జోలికి యాసిడ్ వెళ్ళదు కాబట్టి తర్వాత చల్లనీళ్ళకి జివ్వుమనే ఫిర్యాదు తగ్గింది. డెంటిన్‌ని కూడా ఎచ్ చేసేవాళ్ళు 15 సెకన్లు దాటనివ్వకండి, కడిగాక పొడిపొడిగా ఎండబెట్టకండి. పిండి ఆరేసిన బట్ట చేత్తో ముట్టుకుంటే చల్లగా తగులుతుంది, నీళ్ళు మాత్రం కారవు. డెంటిన్ అలా ఉండాలి. ఎండిపోతే యాసిడ్ బయటపెట్టిన కొల్లాజెన్ పోగులు కుప్పకూలి, రెసిన్ వాటి మధ్యకి దిగదు. బాండ్ పూసి వదిలేయడం కాదు, 20 సెకన్లు బ్రష్‌తో రుద్దండి. ఆ తర్వాత నెమ్మదిగా గాలి. బాండ్‌లో ఆల్కహాలో అసిటోనో ఉంటుంది, అది ఎగిరిపోవాలి. ఉపరితలం మీద అలలు కదలడం ఆగేదాకా గాలి కొట్టండి, అప్పుడు లైట్. మనలో ఎక్కువమంది హడావిడి పడేది ఈ గాలి దగ్గరే.

ఇక్కడ మన ప్రాంతపు మాట ఒకటి చెప్పాలి. ఫ్లోరోసిస్. మన దేశంలో ఆ జబ్బుని మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి, అటు నల్గొండ నుంచి వచ్చే పేషెంట్ల పళ్ళు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. గోధుమరంగు మచ్చలు, గుంటలు. ఆ ఎనామిల్ పైపొర ఫ్లోరైడ్ వల్ల యాసిడ్‌కి అంత తేలిగ్గా లొంగదు. పుస్తకంలో రాసిన సెకన్లు దానికి చాలవు. మచ్చ గట్టిగా ఉన్న పంటికి నేను అంచుని సన్నటి డైమండ్ బర్‌తో ఒకసారి గీసి పైపొర తీసేస్తాను, ఎచింగ్ టైమ్ రెట్టింపు చేస్తాను. కడిగి ఆరబెట్టాక సుద్ద పూసినట్టు తెల్లగా మారిందా చూస్తాను. మారకపోతే మళ్ళీ జెల్. మామూలు ఎనామిల్‌కి ఇలా చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు నింపడం. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 2, 3 శాతం ముడుచుకుంటుంది. ఫ్లోయబుల్, అంటే పోస్తే పారే పల్చటి రకం, అంతకంటే ఎక్కువ. వినడానికి చిన్న అంకె. వేసవిలో నల్లరేగడి చేను చూశారుగా. నేల ముడుచుకున్నప్పుడు ఎక్కడో ఒకచోట నెర్రె ఇవ్వాల్సిందే. పంట్లో ఆ నెర్రె బాండింగ్ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఇస్తుంది. క్లాస్ వన్, అంటే నమిలే ఉపరితలంలోనే ఉండే కేవిటీ తీసుకోండి, నాలుగు గోడలు, ఒక అడుగు, ఐదు వైపులా అంటుకుని ఉంటుంది, పైన ఒక్కవైపే ఖాళీ. ముడుచుకోవడానికి వెసులుబాటు ఆ ఒక్కవైపే. అంటుకున్న వైపులకీ ఖాళీ వైపులకీ ఉన్న ఈ నిష్పత్తినే సీ-ఫ్యాక్టర్ అంటాం, ఇక్కడ అది ఐదు. కాబట్టి ఒకేసారి నింపి లైటు పెట్టకుండా, రెండు మిల్లీమీటర్లకి మించని ముక్కలుగా, ఒక్కో ముక్క ఒకటి రెండు గోడలకే ఆనేలా ఏటవాలుగా పెడతాం. ఎదురెదురు గోడలని ఒకే ముక్కతో కలపకండి.

క్లాస్ టూలో నేను ముందు రేకుకి ఆనించి పక్క గోడ కడతాను. మిల్లీమీటర్ మందం, మార్జినల్ రిడ్జ్ ఎత్తు దాకా. లైటు పెట్టి, రింగూ రేకూ తీసేస్తే మిగిలింది క్లాస్ వన్. లోపలికి చూపు బాగా అందుతుంది, చెయ్యి తిరుగుతుంది. ఆ గోడ కట్టకముందే బాక్స్ అడుగున అర మిల్లీమీటర్ ఫ్లోయబుల్ పల్చగా పూస్తాను, మూలల్లో గాలి బుడగ మిగలకుండా. అంతకంటే మందంగా పొయ్యడం చూస్తుంటాను, అది సోమరితనం. బల్క్ ఫిల్ అనే మందంగా నింపే రకం వాడేవాళ్ళు నాలుగు మిల్లీమీటర్ల దాకా ఒకేసారి పెట్టొచ్చు, నేనూ వెనక మోలార్లలో వాడతాను. పల్చటి రకమైతే పైన మామూలు కాంపోజిట్ పొర తప్పనిసరి.

నాలుగు మిల్లీమీటర్లు అన్నది మీ లైట్ సరిగ్గా ఉంటేనే. కాంపోజిట్‌లో వెలుగుని పట్టుకునేది ఎక్కువగా క్యాంఫర్‌క్వినోన్, దానికి కావాల్సింది 468 నానోమీటర్ల దగ్గరి నీలం వెలుగు. లైట్ గన్ కొని నాలుగేళ్ళయింది, బ్యాటరీ నీరసించింది, కొన మీద ఎండిన బాండ్ అంటుకుని ఉంది. వెలుగు నీలంగా కనపడుతూనే ఉంటుంది, మనకి అనుమానం రాదు. బాక్స్ అడుగు గన్ కొనకి ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటుందని గుర్తుపెట్టుకోండి, అంత దూరంలో వెలుగు బాగా పడిపోతుంది. అందుకే మొదటి పొరకి నేను సమయం రెట్టింపు ఇస్తాను, మధ్యలో గాలి కొట్టి పంటిని చల్లబరుస్తాను. గన్ పట్టుకున్నది అసిస్టెంట్ అయితే, ఆ అమ్మాయికి నారింజ కళ్ళద్దాలు ఇచ్చారా? ఇవ్వకపోతే వెలుగు కళ్ళకి కొడుతుంది, తల పక్కకి తిప్పుకుంటుంది, తలతోపాటు గన్ కూడా తిరుగుతుంది.

వెలుగు బలాన్ని కొలిచే రేడియోమీటర్ లేనివాళ్ళు ఒక పని చేయండి. పల్చటి గొట్టం ముక్క, ఆరేడు మిల్లీమీటర్లు కోసి, నిండా కాంపోజిట్ కూరి, పైనుంచి మీరు రోజూ పెట్టే సమయమే లైటు పెట్టండి. గొట్టం చీల్చి, అడుగున మెత్తగా ఉన్నదంతా ప్లాస్టిక్ స్పాచులాతో గీకేయండి. మిగిలిన ముక్క పొడవు కొలిచి సగం చేయండి. నమ్మదగిన లోతు అంతే. అంతర్జాతీయ ప్రమాణ పరీక్షలో లెక్క కూడా ఇదే. నేను మొదటిసారి చేసినప్పుడు సగం చేశాక వచ్చింది మిల్లీమీటరున్నర కంటే తక్కువ. అప్పటికి ఆ గన్‌తో ఎన్ని పళ్ళు చేసి ఉంటానో!

ముఖ్యంగా కుర్రవాళ్ళకి నచ్చేది చెప్తాను, స్టాంప్ టెక్నిక్. పైకి పన్ను దాదాపు బాగానే ఉంటుంది, గాడిలో నల్లటి గీత మాత్రమే. ఎక్స్‌రేలో చూస్తే లోపల గుహ. అలాంటప్పుడు కొయ్యకముందే పంటి నమలే ఉపరితలం మీద ఫ్లోయబుల్ పోసి, మధ్యలో అప్లికేటర్ బ్రష్ పిడిలా గుచ్చి, గట్టిపరిచి పక్కన పెట్టుకోండి. అదే స్టాంప్. పుచ్చు తీసి, నింపుకుంటూ వచ్చి, ఆఖరి పొర లైటు పెట్టకముందు దాని మీద టెఫ్లాన్ టేపు పరిచి స్టాంప్ నొక్కండి. ఏ టేపు అంటారా, ప్లంబర్లు కుళాయికి చుట్టేదే, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. స్టెరిలైజ్ చేసి వాడుకోవచ్చు. స్టాంప్ ఎత్తితే దేవుడిచ్చిన గాడులూ గుట్టలూ మళ్ళీ అక్కడే. మిగిలినది తుడిచి లైటు. కొరుకుడు సరిచూసే పని పావు వంతుకి తగ్గుతుంది. పైన ఎనామిల్ అప్పటికే కూలిపోయిన పంటికి ఇది కుదరదు.

అన్నట్టు, కుర్చీ పైన లైటు ఆఖరి పొరల దగ్గర పక్కకి తిప్పండి. దాని వెలుగుకే కాంపోజిట్ మీరు చెక్కుతుండగానే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. చేతికి అంటుకుంటోందని ఇన్‌స్ట్రుమెంట్‌ని స్పిరిట్‌లో ముంచకండి.

చివర గ్లిజరిన్ జెల్ పూసి ఇంకోసారి లైటు పెడితే, గాలి తగిలి గట్టిపడకుండా ఉండిపోయిన పైపొర కూడా గట్టిపడుతుంది. పళ్ళు తగిలే చోట రంగు గుర్తు వేసే కొరుకుడు కాగితం పెట్టేటప్పుడు పేషెంట్‌కి సగం మొహం మొద్దుబారి ఉంటుంది, "బాగానే ఉందండీ" అనేస్తారు. డ్యామ్ వేయకముందే ఒకసారి కాగితం పెట్టి గుర్తులు ఫోటో తీసుకోండి, దానితో పోల్చుకోవచ్చు. ఎత్తు మిగిలితే మర్నాడు ఫోన్ వస్తుంది, మీరు దాన్ని సెన్సిటివిటీ అనుకుని టూత్‌పేస్ట్ రాసిస్తారు. ముందు కాగితం పెట్టి చూడండి.

ఎన్నాళ్ళుంటుంది అని అడుగుతారు. దీర్ఘకాల అధ్యయనాలన్నీ కలిపి 2014లో వచ్చిన ఒక విశ్లేషణలో, దవడ పళ్ళ కాంపోజిట్లు పదేళ్ళ లెక్కన ఏడాదికి సగటున 2.4 శాతం మాత్రమే పాడయ్యాయి. పుచ్చు ఎక్కువగా వచ్చే నోళ్ళలో, ఎక్కువ వైపులు నింపిన పళ్ళలో ఇంకా తొందరగా. అందుకే రోజుకి నాలుగుసార్లు తియ్యటి టీ తాగే మనిషికి నేను పదేళ్ళ మాట ఇవ్వను.

(సభలో నుంచి ఒక ప్రశ్న: "మేడమ్, మా ఊళ్ళో ఫిల్లింగ్‌కి వెయ్యి రూపాయలు ఇస్తేనే గొప్ప. ఇదంతా చేస్తే గంట పడుతుంది. గిట్టుబాటు ఎలా?")

మంచి ప్రశ్న. మీరు అడక్కపోతే నేను తప్పించుకునేదాన్ని. గిట్టదు. అన్ని పళ్ళకీ ఇలా చేసి అదే రేటు తీసుకుంటే క్లినిక్ అద్దె కూడా రాదు. నేను రెండు రేట్లు పెట్టాను, క్లాస్ వన్‌కి ఒకటి, క్లాస్ టూకి దానికి దాదాపు రెట్టింపు. మాస్టారి కథ చెప్పి, పిన్నీసు చూపిస్తాను. కొందరు లేచి వెళ్ళిపోతారు, వెళ్ళనిస్తాను. ఇచ్చుకోలేనివాళ్ళకి, నోరు ఎక్కువ తెరవలేని పెద్దవాళ్ళకి, చిగురు కిందకి పోయి రక్తం ఆగని బాక్స్‌లకి గట్టి రకం గ్లాస్ అయానమర్ పెడతాను. కాస్త తడిని ఓర్చుకుంటుంది, పంటికి దానంతటదే అంటుకుంటుంది. కాంపోజిట్ అంత గట్టిది కాదని ముందే చెప్తాను, రెండు మూడేళ్ళలో మళ్ళీ చూద్దామంటాను. తడిలో పెట్టిన కాంపోజిట్ కంటే అదే నయం.

(మరో ప్రశ్న: "లోతైన బాక్స్‌లో చిగురు కింద అంచు ఉంటే కాంపోజిట్ అసలు వద్దంటారా?")

రక్తం ఆపి, డ్యామ్ నిలబడి, రేకు ఆ అంచు కిందకి దిగి బిగిస్తే వద్దనను. అంచుని ముందు కాంపోజిట్‌తో చిగురు పైకి తెచ్చుకుని ఆపైన మామూలుగా కట్టుకుంటూ పోయే పద్ధతి ఉంది, ఈ మధ్య నేనూ చేస్తున్నాను. మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆపేస్తాను. ఎముకకి మరీ దగ్గరగా పోయినదాన్ని మాత్రం ముట్టుకోను.

సరే, అక్కడ రెండు టేబుళ్ళ మీద ఆరు ప్లాస్టిక్ దవడలు పెట్టించాను. అన్నింట్లోనూ 36లో క్లాస్ టూ కోసి ఉంది. కాంపోజిట్ ఇప్పుడే ముట్టుకోవద్దు, రేకు, వెడ్జ్, రింగ్ మాత్రమే. మెరుపు చుక్క వచ్చిందనుకున్నవాళ్ళు నన్ను పిలవండి, నేను ఎక్స్‌ప్లోరర్ తీసుకుని వస్తాను. హౌస్ సర్జన్లు ముందు రండి, నిద్ర వదులుతుంది.